వాటా తేలాకే త్యాగం

ఆస్తి పంపకాల వేళ కథోలిక కుటుంబాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "క్రైస్తవులమై ఉండి ఆస్తి కోసం తగువులాడుకుంటామా?" వినడానికి ఎంతో బాగుంటుంది. ఎవరు ఎవరితో అంటున్నారో చూస్తేనే దాని అసలు రంగు బయటపడుతుంది. సాధారణంగా భూమి చేతిలో ఉన్నవాళ్లు లేనివాళ్లతో అనే మాట అది. అన్న చెల్లెలితో అంటాడు, మరిది భర్త పోయిన వదినతో అంటాడు, ఊళ్లో ఉండి సాగు చేసుకుంటున్నవాడు ఉద్యోగం కోసం ఊరు దాటిన తమ్ముడితో అంటాడు. పాసుపుస్తకంలో పేరు లేని చెల్లెలు అన్నతో ఆ మాట అన్న సందర్భాలు వెతికినా దొరకవు. ఔదార్యం సువార్త ధర్మమే, అందులో సందేహం లేదు. అయితే ఎదుటివాళ్ల దగ్గర రాబట్టుకునే ఔదార్యానికి ఆ పేరు చెల్లదు. ఎవరికి ఎంత రావాలో తేల్చడం న్యాయం పని. తేలిన దానిలోంచి ఇష్టపూర్వకంగా వదులుకోవడమో, మరొకరికి ఇవ్వడమో ప్రేమ పని. మొదటిది చెయ్యకుండా రెండోదాన్ని అడిగితే ప్రేమ పేరుతో ఆక్రమణే జరుగుతుంది.

ఈ వరుస శ్రీసభ బోధలోనే ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1965లో గృహస్థ విశ్వాసుల ప్రేషిత కార్యం గురించి వెలువరించిన పత్రంలో ఒక హెచ్చరిక చేసింది: న్యాయం ప్రకారం ఎదుటివారికి బాకీ ఉన్నదాన్ని ప్రేమతో ఇచ్చే కానుకలా చూపించకూడదు, ముందు న్యాయం కోరేది తీర్చాలి. కథోలిక శ్రీసభ సత్యోపదేశం ఆ మాటను 2446వ పేరాలో మళ్లీ చెప్పింది. అక్కడ పేదలకు సాయం చేసే సందర్భంలో చెప్పినది ఇంటి పంపకాలకు కూడా అక్షరాలా వర్తిస్తుంది. చట్టప్రకారం చెల్లెలికి రావలసిన రెండెకరాల్లో అన్న అరెకరం రాసిచ్చి "నా చెల్లెలికి పసుపు కుంకుమ కింద ఇచ్చాను" అని పదిమందిలో చెప్పుకుంటే, అతను ఇచ్చింది అరెకరం కాదు, పట్టుకున్నది ఎకరంన్నర.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు సాధారణంగా లూకా సువార్త 12వ అధ్యాయాన్ని ముందుకు తెస్తారు. జనంలోంచి ఒకడు వచ్చి, తన సోదరుడితో చెప్పి పిత్రార్జితంలో భాగం ఇప్పించమని క్రీస్తును అడుగుతాడు. మీకు తీర్పరిగా, పంచిపెట్టేవాడిగా నన్ను ఎవరు నియమించారని ప్రభువు ఎదురడిగి, ఆ వెంటనే దురాశ గురించి హెచ్చరించి, పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుడి ఉపమానం చెబుతాడు. కాబట్టి వాటా అడగడమే దురాశ అంటారు. కానీ అడిగినవాడి హక్కు చెల్లదని ప్రభువు ఎక్కడా అనలేదు. పంపకాలు తేల్చడానికి ధర్మశాస్త్రం ఉంది, పెద్దలున్నారు. ఆ పని తనది కాదన్నాడు, అంతే. దురాశ గురించిన హెచ్చరికను ఆ అడిగినవాడొక్కడికే పరిమితం చెయ్యకుండా అందరినీ ఉద్దేశించి చెప్పాడు. అడిగినవాడికి అది ఎంత తగులుతుందో, ఇవ్వకుండా బిగబట్టుకున్న సోదరుడికీ అంతే తగులుతుంది. ఇక ఆ ధర్మశాస్త్రం పంపకాల విషయంలో ఎంత నిక్కచ్చిగా ఉందో చూడండి. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో కొడుకులు లేని సెలోఫెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందుకొచ్చి తండ్రి భూమి తమకు కావాలంటే, వాళ్లు అడిగింది న్యాయమని దేవుడే తీర్పు చెప్పాడు. ఇష్టమైన భార్య కొడుకు మీది మమకారంతో ఇష్టంలేని భార్యకు పుట్టిన జ్యేష్ఠుడి హక్కు తీసెయ్యకూడదని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం శాసించింది. అదే గ్రంథం 27వ అధ్యాయం పొరుగువాడి హద్దురాయి జరిపినవాణ్ణి శపించింది. వాగ్దాన భూమి ఇశ్రాయేలుకు దేవుడు ఉచితంగా ఇచ్చిన దానం. ఆ దానం కూడా గోత్రానికి ఇంత అని, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని హద్దులు చెప్పుకునే వచ్చింది. కాబట్టి హద్దు గీయడం విశ్వాస లోపమని బైబిలు చదివిన వాళ్లెవరూ అనలేరు.

మన దేశంలో క్రైస్తవులకు ఆ హద్దు గీసింది 1925 నాటి భారత వారసత్వ చట్టం. దాని లెక్క చాలా సులువు. 9 ఎకరాలున్న రైతు వీలునామా రాయకుండా పోతే, భార్యకు మూడో వంతు, అంటే 3 ఎకరాలు. మిగిలిన ఆరింటిని ఇద్దరు కొడుకులు, ఒక కూతురు సమానంగా తలా రెండెకరాలు పంచుకుంటారు. కూతురికి పెళ్లయిందా లేదా అని చట్టం అడగదు. పుట్టుకతోనే కొడుక్కి తండ్రి ఆస్తిలో హక్కు వచ్చే ఉమ్మడి కుటుంబ పద్ధతి ఈ చట్టంలో లేదు. తండ్రి బతికున్నంతకాలం అది తండ్రిదే. హిందూ కుటుంబాల్లో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు కోసం ఆంధ్రప్రదేశ్‌లో 1985 దాకా, దేశమంతటా 2005 దాకా ఆగాల్సి వచ్చింది. క్రైస్తవ ఆడపిల్లకు కాగితం మీద కొడుకులతో సమాన వాటా అంతకు చాలా ముందే ఉంది. కేరళలోని పాత తిరువాన్కూరు ప్రాంతంలో మాత్రం 1916 నాటి స్థానిక చట్టాన్ని పట్టుకుని, కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది కూతురికి ఇచ్చి సరిపెట్టేవారు. మేరీ రాయ్ వేసిన కేసులో 1986లో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి 1925 చట్టమే వర్తిస్తుందని తేల్చింది. తెలుగు నేల మీద అలాంటి అడ్డు చట్టం లేకపోయినా ఆచారం ఆ పని చేసిపెట్టింది. హక్కు ముందుగా వచ్చిన ఇంట్లోనూ, ఆలస్యంగా వచ్చిన పక్కింట్లోనూ ఆడపిల్ల చేతికి అందింది చాలాసార్లు ఒకటే.

"కట్నం ఇచ్చాం కదా, ఇంకా వాటా ఏమిటి?" అన్నది ఆ ఆచారం చెప్పే మొదటి సమాధానం. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు, ఎందుకంటే పెళ్లి కోసం ఎకరాలు అమ్మి అప్పులపాలైన తండ్రులున్నారు. చట్టం మాత్రం ఇక్కడ స్పష్టంగా ఉంది. తండ్రి బతికుండగా బిడ్డకు ఇచ్చిన డబ్బునూ ఆస్తినీ ఆ బిడ్డ వారసత్వ వాటాలోంచి మినహాయించకూడదని 49వ సెక్షన్ చెబుతుంది. కొడుకు ఇంజనీరింగు చదువుకైన లక్షలకూ, అతని వ్యాపారంలో పెట్టిన పెట్టుబడికీ ఇదే సూత్రం. కట్నం లెక్క కట్టాలనే వాళ్లు ఈ లెక్కా కట్టాలి. చట్టం అడగనిదాన్ని అంతరాత్మ అడగవచ్చు. తన పేరున రిజిస్టరైన స్థలం తండ్రి దగ్గర ముందే అందుకున్న కూతురు, "నా భాగం నాకు చాలావరకు ముట్టింది" అని తనంతట తాను అనుకుంటే అది నిజాయితీ. అత్తింటివాళ్లు తీసుకుని ఖర్చుపెట్టిన కట్నాన్ని ఆమె ఖాతాలో రాయడం మాత్రం ఏ లెక్కకూ నిలవదు. పైగా 1961 నుంచి కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే. ఒక తప్పును చూపించి మరో తప్పును సమర్థించుకోలేం.

ఈ వ్యవహారం చివరికి తేలేది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో. ఆడపిల్ల తన భాగాన్ని అన్నదమ్ములకు వదులుకుంటూ రాసే హక్కు విడుదల దస్తావేజును ఒక్కసారి నిదానంగా చదివి చూడాలి. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి సమ్మతితో, తోబుట్టువుల మీది ప్రేమాభిమానాలతో అన్న అర్థం వచ్చే మాటలు అందులో రివాజుగా ఉంటాయి. వాటిని రాసేది దస్తావేజు లేఖరి. ప్రతి దస్తావేజులోనూ అవే మాటలు. వచ్చి ఫొటో దిగి, వేలిముద్ర వేసి, సంతకం పెట్టి వెళ్లిపోయే ఆడపిల్లకు తాను వదులుకుంటున్నది ఎంతో, దాని విలువ ఎంతో ఎవరైనా చెప్పారా అన్నది ఏ కాలమ్‌లోనూ కనిపించదు. కథోలిక నైతిక బోధ ప్రకారం తెలిసి, స్వేచ్ఛగా చేసిన పనికే పూర్తి నైతిక విలువ. పౌలు కూడా కొరింతీయులకు రాసిన రెండవ లేఖలో సణుక్కుంటూనో బలవంతం మీదనో ఇవ్వొద్దని, మనసులో నిశ్చయించుకున్నట్టే ఇవ్వమని చెప్పాడు. తన వాటా ఎంతో తెలియని మనిషి నిశ్చయించుకోగలిగింది ఏముంటుంది? ఆ సంతకం చట్టానికి సరిపోవచ్చు గానీ, దాన్ని త్యాగమని దేవుడి ముందు చెప్పుకోవడానికి అన్నకు హక్కు లేదు.

గట్టి అభ్యంతరం ఒకటి ఇంకా మిగిలే ఉంది. నీ అంగీ కోసం వ్యాజ్యమాడేవాడికి పైబట్ట కూడా ఇచ్చెయ్యమని కొండమీది ప్రసంగంలో క్రీస్తే చెప్పలేదా? సోదరుల మధ్య వ్యాజ్యాలకన్నా అన్యాయాన్ని సహించడమే మేలు కదా అని పౌలు కొరింతీయులను అడగలేదా? చెప్పారు, అడిగారు. అంగీ ఎవరిదో తేలిపోయిన మనిషితో క్రీస్తు ఆ మాట అన్నాడు. లాక్కునేవాడికి ఆ వచనంలో ఎలాంటి అనుమతీ దొరకదు. పౌలైతే ఆ ప్రశ్న అడిగిన మరుసటి వాక్యంలోనే, మీరే అన్యాయం చేస్తున్నారు, అదీ మీ సోదరులకే చేస్తున్నారని గద్దించాడు. కాబట్టి వదులుకోమనే పిలుపును హక్కున్నవాళ్లు తమకు తాముగా వినాలి. ఎదుటి పక్షం వాళ్లకు వినిపించకూడదు. పైగా మనిషి తనది వదులుకోగలడు, పరాయివాళ్లది వదులుకోలేడు. భర్త పోయిన స్త్రీ ఇంటి శాంతి కోసం తన మూడో వంతు మరిదికి విడిచిపెడితే అది ఆమె ఇష్టం. మైనరు పిల్లల మూడింట రెండొంతులు విడిచిపెడితే అది ఔదార్యం కాదు, తల్లిగా తన మీదున్న బాధ్యతను తప్పడం. వాళ్లకోసం కోర్టు మెట్లెక్కడం ఆమెకు సిగ్గుపడాల్సిన పని కాదు.

ఔదార్యమూ హద్దూ ఒకేచోట ఎలా ఇముడుతాయో తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో కనిపిస్తుంది. పూజలో ఎన్నిసార్లు విన్నా ఇందులోని ఆస్తి లెక్క మన చెవిన పడదు. చిన్నవాడు అడిగినప్పుడు తండ్రి ఆస్తిని ఇద్దరికీ పంచాడు. చిన్నవాడు తన భాగం తగలేసి తిరిగొస్తే తండ్రి పరుగెత్తుకెళ్లి కౌగిలించుకున్నాడు, మేలైన వస్త్రం తొడిగించాడు, వేలికి ఉంగరం, కాళ్లకు చెప్పులు ఇప్పించాడు, కొవ్విన దూడను కోయించాడు. ఇంటి తలుపు, కొడుకు హోదా, విందు, అన్నీ బేషరతుగా ఇచ్చాడు. మళ్లీ పంపకం మాత్రం చెయ్యలేదు. అలిగి బయట నిలబడ్డ పెద్దవాడితో నాకున్నదంతా నీదేనని ఖాయంగా చెప్పాడు. చిన్నవాడి మీద ప్రేమ ఎంత పొంగినా దాని ఖర్చు పెద్దవాడి వాటా మీద పడలేదు. ఉపమానం ప్రధానంగా పాప క్షమాపణ గురించే, వారసత్వ చట్టం గురించి కాదు; ఆ సంగతి ఒప్పుకుందాం. అయినా క్షమించడం వేరు, మళ్లీ వాటా ఇవ్వడం వేరు అన్న తేడా ఆ తండ్రికి బాగా తెలుసు. తాగుడుకో జూదానికో తన భాగం పోగొట్టుకుని వచ్చిన కొడుక్కి అన్నం, పడక, వైద్యం, గౌరవం ఇవ్వడం తల్లిదండ్రుల ధర్మం. అతని కోసం కూతురి రెండెకరాలు తాకట్టు పెట్టడం ధర్మం కాదు.

అలాగని న్యాయమంటే అందరికీ తూకం వేసినట్టు సమానంగా పంచడమొక్కటేనా? కాదు. వీలునామా లేనప్పుడు చట్టం సమాన వాటాలు వేస్తుంది, ఎందుకంటే దానికి మన ఇంట్లో మనుషులు తెలియరు. తల్లిదండ్రులకు తెలుసు. మాటలు రాని కొడుకు, నడవలేని కూతురు, ఏళ్ల తరబడి మంచంపట్టిన అత్తకు సేవ చేసిన కోడలు, వీళ్ల అవసరమూ శ్రమా లెక్కలోకి రావాల్సిందే. అందుకే చట్టం క్రైస్తవుడికి వీలునామా రాసుకునే పూర్తి స్వేచ్ఛ ఇచ్చింది. అయితే ద్వితీయోపదేశకాండము నేర్పిన గీత ఇక్కడ గుర్తుంచుకోవాలి. అవసరాన్ని బట్టి, బాధ్యతను బట్టి ఎక్కువ తక్కువలు చెయ్యవచ్చు, మురిపాన్ని బట్టి చెయ్యకూడదు. ఏది అవసరం, ఏది మురిపెం అన్నది తేల్చుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది: ఆ కారణాన్ని పిల్లలందరినీ కూర్చోబెట్టి ముఖం చూసి చెప్పగలరా? చెప్పగలిగితే తక్కువ అందినవాళ్లు కూడా కాలక్రమంలో అర్థం చేసుకుంటారు. దాచిపెట్టి, తాము పోయాక కాగితంతో చెప్పించాలనుకుంటే ఆ కారణంలోనే ఏదో లోపముంది.

పిల్లలకే కాదు, తల్లిదండ్రులకూ హద్దు కావాలి. ప్రొటెస్టెంటు సోదరుల బైబిళ్లలో లేక, కథోలిక బైబిలులో ఉన్న సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథము 33వ అధ్యాయం ఈ విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడుతుంది. బతికున్నంతకాలం కొడుక్కి గానీ భార్యకు గానీ సోదరుడికి గానీ నీమీద పెత్తనం ఇవ్వకు, నువ్వు పిల్లల చేతులవైపు చూడ్డం కంటే పిల్లలు నిన్ను అడగడమే మేలు, ఆస్తి పంపకం చివరి ఘడియకు ఉంచుకో అన్నది దాని సారాంశం. ఇది స్వార్థం నేర్పుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఇది పిల్లలను కూడా కాపాడుతుంది: ఉన్నదంతా రాసిచ్చి ఖాళీ చేతులతో నిలబడ్డ తల్లి, కొడుకు ముందు దినదిన పరీక్షగా మారుతుంది, ఆ పరీక్షలో నెగ్గలేని కొడుకులెందరో. తేడా చాలామందికి తెలియదు గానీ, వీలునామాను చనిపోయేలోగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. రిజిస్టరు చేసిన దాన సెటిల్‌మెంట్‌ను ఇష్టం వచ్చినట్టు వెనక్కి తీసుకోలేం. వృద్ధుల సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం 23వ సెక్షన్‌లో ఒక దారి చూపింది. చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చెయ్యవచ్చు. ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవడం కన్నబిడ్డను అనుమానించడం కాదు. నాలుగో ఆజ్ఞ ఆ బిడ్డ మీద ఇదివరకే పెట్టిన బాధ్యతను కాగితం మీదికి తేవడం మాత్రమే.

ఈ హద్దు శ్రీసభకూ వర్తిస్తుంది. కొర్బాను పేరు చెప్పి, అంటే దేవుడికి అర్పించేశామని చెప్పి తల్లిదండ్రులకు చెయ్యాల్సిన సాయం ఎగ్గొట్టేవాళ్లను క్రీస్తు మార్కు సువార్త 7వ అధ్యాయంలో తీవ్రంగా మందలించాడు. 5వ శతాబ్దంలో హిప్పో మేత్రాణులు పునీత అగుస్తీను దీన్ని ఆచరించి చూపించారు. తన మఠంలోనే ఉన్న జనవారియుసు అనే గురువు కన్నబిడ్డలను కాదని ఆస్తి శ్రీసభకు రాసిపోతే ఆయన స్వీకరించలేదు. కొడుకును వారసత్వం నుంచి తప్పించి శ్రీసభకు ఇవ్వాలనుకునేవాళ్లు పుచ్చుకునేవాణ్ణి వేరే చూసుకోవాలని ప్రసంగంలో బాహాటంగా చెప్పారు. కార్తేజు మేత్రాణులు ఔరేలియుసును ఆదర్శంగా చూపించారు కూడా: పిల్లలు కలగరనుకుని సర్వస్వం శ్రీసభకు రాసిచ్చిన ఒకాయనకు తర్వాత పిల్లలు పుడితే, అతను అడగకముందే ఆ మేత్రాణులు అంతా తిరిగిచ్చేశారు. మన దేశంలో 1925 చట్టం 118వ సెక్షన్ ఈ హద్దును కఠినంగా గీసింది. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు చావుకు కనీసం 12 నెలల ముందు రాసి, ఆరు నెలల్లోగా డిపాజిట్ చేసిన వీలునామా ద్వారా తప్ప ధర్మకార్యాలకు ఆస్తి ఇవ్వడానికి వీల్లేదంది. కేరళకు చెందిన గురువు జాన్ వల్లమట్టం సవాలు చేయగా 2003లో సుప్రీంకోర్టు దాన్ని వివక్షగా భావించి కొట్టేసింది. ఆ తీర్పు న్యాయమైనదే. అయితే చట్టం తొలగించిన కాపలా ఇప్పుడు విచారణ గురువుల అంతరాత్మ మీద పడింది. మరణశయ్య మీదున్న మనిషి గుడికి పొలం రాస్తానంటే, ముందు "భార్యకు ఏం మిగులుతుంది?" అని అడగడం గురువు బాధ్యత.

కుటుంబం హద్దు దాటి మరో హద్దుంది. లోకంలోని సంపద దేవుడు అందరి కోసం ఇచ్చిందని సత్యోపదేశం 2402వ పేరా నుంచి బోధిస్తుంది. పునీత తోమా అక్వినాసు ప్రకారం సంపాదించి నిర్వహించే హక్కు మనిషిదే గానీ, వినియోగంలో దాన్ని అందరిదిగా ఎంచి, అవసరంలో ఉన్నవాళ్లతో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలి. తండ్రి పిల్లలకు ఆస్తి మిగల్చడం ప్రకృతి ధర్మమని 1891లో పోపు 13వ లియో కూడా సమర్థించారు, కాబట్టి వారసత్వం తప్పేమీ కాదు. అది ఆఖరి మాట కూడా కాదు. న్యాయం ముందు అన్న వరుస ఇక్కడా మారదు. వీలునామాలో గుడి గంటకో గవికో డబ్బు రాయడానికి ముందు పాలేరుకు ఎగ్గొట్టిన జీతం, కౌలు రైతుతో నోటిమాటగా ఒప్పుకుని మరిచిన లెక్క, తీర్చని చేబదులు తీరాలి. అవి ఆస్తిలోంచి ఇచ్చే దానాలు కావు, ఆస్తి మీదున్న బాకీలు. అవి తీరాక, ఇంటివాళ్లకు రావలసింది తేలాక, తన ఇష్టానికి మిగిలిన దానిలోంచి ఊరి పేదపిల్ల చదువుకు రాస్తే అది పూర్తిగా కానుక.

ఇంత కాగితం వ్యవహారం కుటుంబంలో అవసరమా, నమ్మకం లేదా అనేవాళ్లుంటారు. శ్రీసభ తన మఠవాసుల విషయంలోనే ఆ నమ్మకాన్ని కాగితం మీద పెట్టించింది: శాశ్వత వ్రతాలకు ముందు ప్రతి మఠకన్యా, మఠవాసీ దేశ చట్టం ప్రకారం చెల్లే వీలునామా రాయాలని శ్రీసభ చట్టం 668వ కానోను శాసిస్తుంది. అన్నీ వదులుకోబోయేవాళ్లకే తమది ఏదో తేల్చుకోవాల్సిన అవసరం ఉంటే, వదులుకోని గృహస్థులకు ఉండదా? చట్టం అడిగేది ఎక్కువేమీ కాదు: తెలివిలో ఉండి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఆస్తి అందుకోబోయేవాళ్లనే సాక్షిగా పెడితే 67వ సెక్షన్ ప్రకారం వాళ్లకు రాసింది చెల్లకుండా పోతుంది, ఇంతే జాగ్రత్త. దీన్ని ఆస్పత్రి మంచం మీదికి వాయిదా వెయ్యకుండా ఒంట్లో ఓపికుండగానే రాసి, పిల్లలందరి ముందు చదివి వినిపించాలి. అప్పుడు కూతురు తన భాగం ఎంతో తెలుసుకుని, కావాలంటే తీసుకుంటుంది, కావాలంటే అన్నకు వదిలేస్తుంది. ఆమె వదిలేస్తే అన్న కృతజ్ఞతతో పుచ్చుకోవాలి. తీసుకుంటే, ఎప్పటిలాగే క్రిస్మస్‌కు పుట్టింటికి పిలవాలి. ఆ రెండో పని చెయ్యగలిగిన అన్నకే మొదటి కానుక పుచ్చుకునే అర్హత ఉంది.